బరువు అమల్లోకి వచ్చిన రోజు

మా పార్సిల్ గోదాములో కిందటి శ్రావణం నుంచి దసరా ముందు దాకా బరువు అనేది లేదు. తర్వాత మళ్ళీ వచ్చింది. మధ్యలో ఏం జరిగిందని చాలామంది అడిగారు. అడిగినవాళ్ళలో పెట్టె ఎత్తిన మనిషి ఒక్కడూ లేడు.

గోదాము మేడ్చల్ దాటాక హైవే పక్కన ఉంది. ఒక లారీలో వచ్చిన పెట్టెలు దించి ఇంకో లారీలో ఎక్కిస్తాం. మేం హమాలీలం.

హమాలీ పని జోడీ పని. పెట్టెకు ఇటు ఒకడు, అటు ఒకడు. ఒకడు "పట్టుందా" అంటాడు. రెండోవాడు "ఉంది" అంటాడు. అప్పుడే ఎత్తుతారు. రెండోవాడు ఉంది అనకపోతే డ్రైవరు ఎంత హారన్ కొట్టినా పెట్టె నేల మీదే ఉంటుంది. జోడీలో నిదానంగా నడిచేవాడి నడకే జోడీ నడక. ఇది ఏ గోడ మీదా రాసి లేదు. మాలో నడుము మిగిలినవాళ్ళకు అది మిగిలింది దీనివల్లే.

నా జోడీ సాయిలు. నా భార్య తమ్ముడు. ఆమె పోయి ఆరేళ్ళు. ఆమె వదిలి వెళ్ళినవి రెండు: రొట్టెల పెనం, సాయిలు. ఆ పెనం మీద నాకు ఇప్పటికీ ఒక్క రొట్టె సరిగ్గా రాదు. సాయిలు మాత్రం పనికొచ్చాడు.

మాకు ఇంకో పద్ధతి ఉంది. కొత్త ఆఫీసరు వచ్చిన రోజు మొదటి పెట్టె ఆయన చేత ఎత్తిస్తాం. కుర్చీలో కూర్చునే మనిషి నలుగురి ముందు ఎత్తలేక చిన్నబోకూడదని ఖాళీ పెట్టె ఇస్తాం. అందుకోసం ఒక పెట్టె విడిగా ఉంది. మందపాటి అట్ట, చుట్టూ టేపు, మీద కిలోల చీటీ, మూలలకు పసుపు. టీ క్యాన్ల వెనక పెడతాం. సార్ల పెట్టె అంటాం. వచ్చిన ప్రతి ఆఫీసరూ దాన్ని ఎత్తాడు. చప్పట్లు కొట్టాం. లడ్డు తిన్నాడు, ఏసీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఎత్తినదాని గురించి ఆలోచించిన ఆఫీసరు అప్పటిదాకా రాలేదు.

ప్రభంజన్ గారు ఆలోచించారు.

ఆయన హోదా వేగ ప్రమాణ అధికారి. హమాలీ ఎంత వేగంగా పనిచేస్తే ఒంటికి క్షేమం, కంపెనీకి లాభం అని హెడ్డాఫీసులో ఎవరికో సందేహం వచ్చిందట. ప్రశ్న మంచిదే. మమ్మల్ని అడిగితే టీ తాగేలోపు చెప్పేవాళ్ళం. వాళ్ళు ఒక అధికారిని నియమించారు.

సార్ల పెట్టెను ఆయన రెండు చేతులతో ఎత్తారు. తర్వాత ఒక చేత్తో ఎత్తారు. భుజం మీద పెట్టుకుని లారీ దాకా నడిచి వెనక్కి వచ్చారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతే సార్," అన్నాడు సూపర్‌వైజర్ శేషగిరి. అతని ముఖంలో నవ్వు గడ్డకట్టింది.

"చిత్రం. నేను జన్మలో శారీరక శ్రమ ఎరుగను. మా ఇంట్లో నీళ్ళ బిందె కూడా కదిపినవాణ్ణి కాను. అటువంటి నాకే ఆయాసం కలగలేదు. మరి వృత్తిరీత్యా ఎత్తేవారికి చెమట ఎందుకు పడుతున్నట్లు? ఇది లోతుగా పరిశీలించదగిన అంశం."

శేషగిరి నా వైపు చూశాడు. నేను టీ క్యాన్ల వైపు చూశాను.

ఆయన వెళ్ళాక శేషగిరిని పక్కకు పిలిచాను. "చెప్పున్రి సార్, గది ఖాళీదని."

"ఎట్ల చెప్పాలె బాగయ్యా? సార్, మిమ్మల్ని మోసం జేసినం అనాల్నా? సార్, మీ బలం ఉత్తదే అనాల్నా? రెండిట్ల ఏదన్నా నా కుర్చీ ఉండది."

"మా నడుములు ఉండాల్నా వద్దా?"

"జర ఓపిక పట్టు. వారం తిరిగేసరికి ఆయననే మర్చిపోతడు."

వారం తిరిగేసరికి గోదాములో గంట వేలాడింది. గంట కొట్టినప్పుడల్లా ఒక పెట్టె లారీ ఎక్కాలి. ప్రభంజన్ గారు ఆ పెట్టె భుజాన పెట్టుకుని నడిచిన వేగమే ప్రమాణం. దాని పేరు 'వాస్తవిక, సురక్షిత వేగం'. ఒక వాస్తవమైన మనిషి నడిచాడు కాబట్టి వాస్తవికం. ఆ మనిషికి ఏమీ కాలేదు కాబట్టి సురక్షితం.

జోడీలను విడదీశారు. ఆయన ఒక్కరే ఎత్తిన దానికి ఇద్దరు ఎందుకు అన్నది తర్కం. "పట్టుందా, ఉంది" అనే మాటలు కూడా ఆగిపోయాయి. ఒక్క మనిషి తనను తాను అడిగి తనకు తానే చెప్పుకుంటే బాగుండదు.

మొదటి రోజు గంట మోగుతూనే ఉంది, పెట్టెలు నేల మీదే ఉన్నాయి. ప్రభంజన్ గారు హెడ్డాఫీసుకు రాశారు. అక్కడి నుంచి ముగ్గురు సభ్యుల సంఘం వచ్చింది. వాళ్ళు మా లారీల వైపు రాలేదు, దుమ్ము ఎక్కువ. ప్రామాణికమైన పెట్టె తెప్పించమన్నారు. శేషగిరి సార్ల పెట్టె తెచ్చాడు. వేరే పెట్టె తెస్తే మొదటిది ఏమిటని అడుగుతారు కదా.

ముగ్గురూ ఎత్తారు. వాళ్ళలో ఒక మేడం గారు వేలు టేపు కింద దూర్చి, ఆ ఒక్క వేలుతో లేపారు. "నా హ్యాండ్‌బ్యాగు ఇంతకంటే బరువు," అన్నారు.

"అది తీస్కపోయి లారీల పెడ్దామా మేడం?" అన్నాడు వెనక నుంచి సాయిలు. ఆమెకు వినపడలేదు. శేషగిరికి వినపడింది, దగ్గాడు.

సంఘం ఏకగ్రీవంగా తేల్చింది: పెట్టెల్లో లోపం లేదు, ప్రమాణంలో లోపం లేదు, లోపం హమాలీల మనోవైఖరిలో ఉంది. సార్ల పెట్టెను ప్రామాణిక పెట్టెగా ప్రకటించారు. గాజు బీరువా తెప్పించి, ప్రభంజన్ గారి గదిలో పెట్టి తాళం వేశారు. ఇక దాన్ని విప్పి చూపించే దారి కూడా లేదు. దేవుడి పటం కంటే ఎత్తులో ఉంది అది.

నేను ఇక శేషగిరి కోసం ఆగలేదు. సరాసరి ఆ గదికే వెళ్ళాను.

"సార్, గా పెట్టె ఖాళీది."

ఆయన కలం కింద పెట్టారు. ఆయన కళ్ళు చెమర్చాయి. నేను అబద్ధం చెప్పడం లేదు.

"బాగయ్యా, మళ్ళీ అను."

"ఖాళీది సార్. లోపల ఏం లేదు."

"ఇదే. సరిగ్గా ఇదే నేను ఇన్నాళ్ళూ చెప్పాలనుకున్నది. నాకు మాటలు దొరకలేదు. పల్లెటూరి బడిలో చదివిన నీకు దొరికాయి. ఖాళీ అనుకుంటే ఖాళీ. బరువు పెట్టెలో ఉండదు, భావనలో ఉంటుంది."

"భావన కాదు సార్. టేపు కోసి చూడున్రి."

"టేపు మన మనసుకు చుట్టుకుని ఉంది బాగయ్యా, దాన్ని కొయ్యాలి," అని ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు.

మూడో రోజు గోదాము నాలుగు గోడల మీదా నా ఫోటో ఉంది. కింద పెద్ద అక్షరాల్లో: 'ప్రతి పెట్టే ఖాళీదే - బాగయ్య, సీనియర్ హమాలీ'. సాయిలు దాని ముందు నిలబడి చేతులు కట్టుకుని చూశాడు.

"అక్క ఉంటే మురిసేది బావ. నీ ఫోటో ఇంట్ల గూడ ఇంత పెద్దగ లేదు."

"మీ అక్క ఉంటే ముందు నన్ను తిడ్తుండె, తర్వాత ఆ సార్‌ని."

"ముందు సార్‌నే," అన్నాడు సాయిలు. నిజమే.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. పెట్టెల మీది కిలోల చీటీలు చించేశారు, చదివి హమాలీలు ముందే అలసిపోతున్నారని. కాటా మీద గుడ్డ కప్పి స్టోరు రూములో పడేశారు. బరువు అన్న మాట గోదాములో వాడకూడదన్నారు. ఒక శిక్షకుడు వచ్చి మా అందరినీ కళ్ళు మూసుకుని దూదిపింజను తలుచుకోమన్నాడు. కళ్ళు మూసుకుని తలుచుకుంటున్నప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వచ్చింది, అందరం కళ్ళు తెరిచి పరిగెత్తాం. మా వేగం పెరిగిందని శిక్షకుడు రాసుకున్నాడు.

గంటకు అందనివాళ్ళను నిదానస్థులు అన్నారు. దానికి ఒక నియమం ఉంది, అందరికీ చదివి వినిపించారు. పనిలో దెబ్బ తగిలిన హమాలీకి కంపెనీయే వైద్యం చేయిస్తుంది, లేచి వచ్చేదాకా అతని చోటు అతనికే ఉంటుంది. దెబ్బ తగలకుండానే నిదానించినవాడికి వైద్యం లేదు, చోటూ లేదు. వినడానికి న్యాయంగానే ఉంది.

భాద్రపదం నెలాఖరు రోజుల్లో సాయిలు ముందుకు బోరు మోటారు పెట్టె వచ్చింది. అలాంటిది వస్తే ఇదివరకు రెండు జోడీలు కలిసేవాళ్ళం. సాయిలు ఒక్కడే వంగాడు. గంట మోగింది. వాడు ఎత్తాడు కూడా. లారీ అంచు దాకా తెచ్చాడు. అక్కడ నడుములో ఏదో తెగినట్టు ఆగి, పెట్టెను మెల్లిగా దించి, దాని మీదే కూర్చున్నాడు. పెట్టెను పడెయ్యలేదు. పడేస్తే లోపలి మోటారు పగులుతుందని.

"లే సాయిలూ."

"లేస్తలేదు బావ."

"ఏం లేస్తలేదు?"

"కాళ్ళు ఉన్నయా బావ? జర చూడు. నాకు తెలుస్తలేదు."

ఉన్నాయి. నలుగురం వాణ్ణి చెక్క పలక మీద పడుకోబెట్టి మోశాం. "పట్టుందా" అన్నాను. "ఉంది" అన్నారు ముగ్గురూ. గోదాములో ఆ మాటలు వినపడి చాలా రోజులయింది. శేషగిరి అటు తిరిగి నిలబడ్డాడు.

ప్రభంజన్ గారు విచారణ జరిపారు. ఒంటరిగా కాదు, పద్ధతి ప్రకారం ఇద్దరు సాక్షులతో. గాజు బీరువా తెరిచి, ప్రామాణిక పెట్టెను ఎత్తి, తన నడుము తడిమి చూసుకున్నారు.

"ఈ పెట్టె వల్ల మనిషికి గాయమయ్యే అవకాశం శాస్త్రీయంగా లేదు," అన్నారు.

"ఆడు ఎత్తింది గది గాదు సార్. బోరు మోటారు," అన్నాను.

"బాగయ్యా, పెట్టెల మధ్య వివక్ష చూపితే ప్రమాణం అనే మాటకే అర్థం లేదు. సంస్థ దృష్టిలో అన్ని పెట్టెలూ ఇదే పెట్టె. గాయం సాధ్యం కానప్పుడు గాయం జరిగిందని నేనెలా రాయగలను? అది అబద్ధపు నివేదిక అవుతుంది. నేను అబద్ధం రాయను."

"మరి ఆడు ఎందుకు లేస్తలేడు సార్?"

"నిదానించాడు," అన్నారు ప్రభంజన్ గారు. నిజంగానే బాధపడుతూ అన్నారు. "ఈ నెల జీతంతో అతని చోటు ఖాళీ అవుతుంది. నేను కూడా ఒక కుటుంబీకుణ్ణే. కానీ నియమం."

సాయిలు ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. వాడి భార్య ఎల్లవ్వ కాపడం పెడుతోంది. నేను విషయం చెప్పాను.

"దెబ్బ తాకలేదన్నరా?" అంది ఎల్లవ్వ.

"తాకెటట్టు లేదంట."

"అయితే మీ తమ్ముడు యాక్టింగ్ జేస్తున్నడా వదినే?" అంది, గోడ మీద నా భార్య ఫోటో వైపు చూస్తూ.

"బావ, దెబ్బ తాకిందని వాళ్ళతోని ఒక్క మాట రాయించు," అన్నాడు సాయిలు. "పైసలొద్దు. గా నాల్గు దినాలు ఆస్పత్రి, మళ్ళ నా చోటు. అంతే. నీకు వేరే జోడీ అంటే నాకు మనసున పట్టది."

కొత్త నెల పుట్టింది. మా గోదాముకు బహుమతి వచ్చింది. ప్రమాదం ఒక్కటీ లేకుండా వేగం పెంచిన గోదాము అని. ప్రమాదాలు సాధ్యం కావని తేల్చాక అవి జరగకపోవడం మామూలే, కానీ హెడ్డాఫీసు చాలా సంతోషించింది. డైరెక్టరు గారే వచ్చి ఇస్తారన్నారు. ట్రోఫీ ముందుగా పార్సిల్‌లో వచ్చింది. నల్ల గ్రానైటు దిమ్మ, దాని మీద ఇత్తడి హమాలీ, వాడి నెత్తి మీద ఇత్తడి పెట్టె. దాన్ని లోడింగ్ అరుగు మీద దించడానికి ముగ్గురం పట్టాం. ఇత్తడి హమాలీ నవ్వుతున్నాడు.

ప్రభంజన్ గారికి ఒక ఆలోచన వచ్చింది. ట్రోఫీని పెట్టెలోనే ఉంచి, దాన్ని ఆయనే గేటు నుంచి వేదిక దాకా, ఒక గంట మోగాక ఇంకో గంట మోగేలోపు మోసుకొస్తారు. ప్రమాణం పుట్టిన వేగంతోనే. డైరెక్టరు గారు కళ్ళారా చూస్తారు.

ఉదయం శేషగిరి నా దగ్గరికి ఉరికి వచ్చాడు. "బాగయ్యా, నీ కాళ్ళు మొక్కుత. ట్రోఫీ తీసి స్టేజి కింద దాచు. సార్‌కి ఉత్త పెట్టె ఇయ్యి."

నేను గోడ మీది నా ఫోటో చూపించాను.

"ప్రతి పెట్టే ఖాళీదే గద సార్," అన్నాను.

శేషగిరి బల్లల మీద గుడ్డలు సరిచెయ్యడానికి వెళ్ళిపోయాడు.

షామియానా వేశారు. డైరెక్టరు గారు కూర్చున్నారు. శిక్షకుడు కూడా వచ్చాడు. ప్రభంజన్ గారు కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, గేటు దగ్గర పెట్టె ముందు నిలబడ్డారు. పక్కన నేను.

"పట్టుందా సార్?" అన్నాను. పద్ధతి కాబట్టి.

"అవసరం లేదు బాగయ్యా," అన్నారు.

గంట మోగింది. ఆయన ఖాళీ పెట్టెను ఎత్తే విధంగా ఎత్తారు. పెట్టె లేవలేదు. ఆయన కూడా లేవలేదు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ముఖం మాత్రం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. చిన్న శబ్దం వచ్చింది. నాకు తెలిసిన శబ్దమే.

"ఏమైంది ప్రభంజన్?" అన్నారు డైరెక్టరు గారు వేదిక మీద నుంచి.

గాయమైంది అంటే ఆ బహుమతి లేదు. బరువుంది అంటే ఆయన ప్రమాణమే లేదు. ఆయన నేల వైపు చూస్తూ కొంచెం ఆలోచించారు.

"నమస్కరిస్తున్నాను సార్," అన్నారు.

డైరెక్టరు గారు కదిలిపోయారు. ఇంతకాలం ఎవరూ తనకు ఇంతసేపు నమస్కరించలేదు. ఆయనా లేచి వంగారు. ఆయన వంగితే ముందు వరుస వంగింది, ముందు వరుస వంగితే మిగతా స్టాఫ్ అంతా వంగింది. శిక్షకుడు కళ్ళు కూడా మూసుకున్నాడు. షామియానా కింద నిటారుగా నిలబడింది హమాలీలు మాత్రమే.

మిగతావాళ్ళు లేచారు. ఒక్కరు లేవలేదు.

పార్సిల్ ట్రాలీ మీద పక్కకు వాల్చి ఆయన్ను గదిలోకి తోసుకువెళ్ళాం. డైరెక్టరు గారికి శేషగిరి టీ ఇస్తున్నాడు. గదిలో ఆయనా, నేనూ, గాజు బీరువా.

"బాగయ్యా, నొప్పి. అంబులెన్స్."

"దేనికి సార్?"

"చూస్తున్నావు కదా."

"చూస్తున్న సార్. నిదానించిన్రు."

ఆయన కళ్ళు మూసుకున్నారు.

"పెట్టెల బరువుందా సార్?"

ట్రాలీని ఒక అంగుళం కదిపాను. ట్రాలీ చక్రాలు పాతవి, కుదుపు ఎక్కువ.

"ఉంది," అన్నారు.

"సాయిలు పెట్టెల?"

"ఉంది. దానిలోనూ ఉంది. రాస్తాను, రాస్తాను. ముందు పిలువు."

అంబులెన్సు పిలిచాను. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆస్పత్రి మంచం మీద నుంచే హెడ్డాఫీసుకు రాశారు, పెట్టెలలో బరువు ఉన్నట్లు తన అనుభవంలో తేలిందని. అధికారి అనుభవం కాబట్టి హెడ్డాఫీసు కాదనలేకపోయింది. వెంటనే ఉత్తర్వు వచ్చింది. శేషగిరి అందరినీ నిలబెట్టి చదివాడు.

"సంస్థ పరిధిలోని పెట్టెలందు బరువు కలదని గుర్తించడమైనది. సదరు బరువు ఈ నెల ఒకటవ తారీఖు నుండి అమలులోనికి వచ్చును."

మేం చప్పట్లు కొట్టాం. గంట దించేశారు. కాటా మీది గుడ్డ తీశారు. జోడీలు తిరిగొచ్చాయి. ప్రభంజన్ గారి గాయం ఈ నెలది, కాబట్టి కంపెనీయే వైద్యం చేయించింది. నడుముకు బెల్టు పెట్టి, ఇంకా పెద్ద గోదాముకు ప్రమోషన్ మీద పంపింది.

"సాయిలు సంగతేంది సార్?" అన్నాను.

శేషగిరి ఉత్తర్వును మళ్ళీ చూశాడు, ఈసారి లోలోపల చదివాడు.

"ఆడు పడ్డది పోయిన నెల గద బాగయ్యా."

"అయితే?"

"పోయిన నెల బరువు లేకుండె."

నేను హెడ్డాఫీసుకు వెళ్ళాను. వేలితో పెట్టె లేపిన మేడం గారు కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు. వెనకటి తేదీ నుంచి బరువును అమలు చేస్తే దేశమంతటా ఉన్న గోదాముల్లో ఎంతమంది నడుములు లేచి నిలబడతాయో ఆలోచించమన్నారు. అవి లేచి నిలబడలేవు మేడం అన్నాను. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

సాయిలు చోటులో వేరే మనిషిని వేశారు. మంచివాడే. "పట్టుందా" అంటే "ఉంది" అంటాడు. నాకు అలవాటు కాలేదు.

నాలుగు నెలలకు సాయిలు కర్ర పట్టుకుని లేచాడు. ఇప్పుడు గేటు బయట ఎల్లవ్వ టీ కొట్టు దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. నడుము ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఖాళీ గ్లాసులు కడుగుతాడు.

మొన్న కొత్త ఆఫీసరు వచ్చాడు. హోదా పేరు పొడుగ్గా ఉంది, నాకు గుర్తు లేదు. మనిషి చిన్నవాడు, మర్యాదస్థుడు, అందరికీ ముందే నమస్కారం పెట్టాడు. శేషగిరి గాజు బీరువా తాళం చెవి పట్టుకుని వచ్చాడు, సార్ల పెట్టె తీద్దామని. వద్దన్నాను. గేటు బయటికి మనిషిని పంపి సాయిలును పిలిపించాను. పెట్టె ఏరేది ఇక నుంచి వాడే అని మేం హమాలీలం ముందే అనుకున్నాం.

సాయిలు కర్ర ఊతగా వరసల మధ్య మెల్లిగా నడిచాడు. గ్యాసు పొయ్యిల పెట్టె దగ్గర ఆగాడు, కాదనుకున్నాడు. చివరికి ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు. బోరు మోటారు.

"బావ, ఈ పిలగాడు మంచోని లెక్క ఉన్నడు," అన్నాడు మెల్లిగా.

"పోయినాయన గూడ మంచోడే," అన్నాను.

సాయిలు పెట్టె మీది చెయ్యి తియ్యలేదు.

ఆఫీసరు నవ్వుతూ వచ్చి పెట్టె ముందు వంగాడు. నేను అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాను. జోడీగా పట్టుకోవడానికి కాదు, అడగడానికి.

"పట్టుందా సార్?"

"ఉంది," అన్నాడు.

"ఎత్తున్రి."